బల్ల మీద నల్ల మచ్చ

పోయిన వారం సువార్త ఒక పాత బల్ల మీదికి వంగి, నోట మాట రాక నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అలాగే నిలబడి ఉందనుకుంటే పొరపాటు. ఆదివారానికి బల్ల అప్పగించాలి. ఆశ్చర్యపోవడానికైనా తీరిక ఉండాలి కదా.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఉరవకొండలో చర్చి వెనక వీధిలో సువార్త ఇల్లు. పాత కుర్చీలూ మంచాలూ తెచ్చి ఇస్తే, వాటిని పెరట్లో రేకుల పందిరి కింద పెట్టుకుని, నున్నగా రుద్ది, మెరుగు పెట్టి పంపడం ఆమె జీవనం. గుంతకల్లులో ఒక ఫర్నిచర్ షాపులో పాలిష్ పని చేసిన మొగుడి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఆ పనే ఆమెకు అన్నం పెడుతోంది. తండ్రి పుల్లన్న ఆమె దగ్గరే ఉంటాడు. ఒకప్పుడు ఆ చర్చికి కావలివాడు.

సంఘ పెద్ద ఇమ్మానుయేల్ మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరు మీద ఆయన భార్య కృపాకుమారి తమ ఇంటి నల్లతుమ్మ బల్లను చర్చికి ఇస్తోంది. ఇకమీదట సంస్కారపు ఆదివారం రొట్టె, ద్రాక్షరసం దాని మీదే పెడతారు. ఎప్పుడో కొట్టిన పచ్చ ఎనామిల్ రంగు మందంగా పేరుకుని ఉన్న ఆ బల్లను సువార్త గీకుతూ పోతుంటే, రంగు అడుగున చెక్కలోకి ఇంకిపోయిన నల్ల మచ్చ ఒకటి బయటపడింది. ఏదో పెట్టె అడుగు ఆకారం. నాలుగు మూలలా నాలుగు కాళ్ళ గుర్తులు. మూడు గుండ్రంగా ఉన్నాయి. నాలుగోది ఆరు పలకలుగా ఉంది.

ఆ ఆరు పలకల గుర్తును సువార్త ఎక్కడ చూసినా పోల్చుకుంటుంది.

చర్చిలో ఒక ఇనుప పెట్టె ఉండేది. దొరల కాలం నాటిది. సంస్కారానికి వాడే వెండి గిన్నె, వెండి పళ్ళెం అందులో ఉండేవి. దాని కాలు ఒకటి విరిగిపోతే పుల్లన్న లారీ నట్టు ఒకటి వెతికి తెచ్చి బిగించాడు. శనివారం సాయంత్రం ఆ పెట్టెకు కొబ్బరి నూనె రాసి తుడవడం చిన్నప్పటి సువార్త పని. నట్టు సందుల్లో మురికి పోయేదాకా పుల్లన్న ఒప్పుకునేవాడు కాదు.

ఇరవై ఏళ్ళ కిందట, మంచి శుక్రవారం ఇంకా రాకముందే, ఆ పెట్టె కనిపించకుండా పోయింది. తాళాలు పుల్లన్న దగ్గర ఉండేవి. కాబట్టి దొంగ పుల్లన్న. లెక్క అంత సులువుగా తేలిపోయింది. పోలీసుల దాకా పోతే సంఘం పరువు పోతుందని పెద్దలు తమలో తామే తీర్పు చెప్పుకున్నారు. పుల్లన్నను కావలి పనిలోంచి తీసేసి, బల్లకు దూరం పెట్టారు. బల్లకు దూరం పెట్టడమంటే, సంఘమంతా మోకాళ్ళూని రొట్టె తీసుకుంటుంటే ఆ మనిషి లేచి బయటికి పోవాలి. ఇరవై ఏళ్ళుగా పుల్లన్న ప్రతి సంస్కారపు ఆదివారం చర్చికి పోతున్నాడు, ఆ వేళకు లేచి వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నాడు. మానేయమని కూతురు పోట్లాడింది. ఆయన వినడు.

అప్పట్లో సంఘం వాళ్ళు పుల్లన్న ఇల్లు కూడా వెతికారు. చాటలు బోర్లించారు, ధాన్యం మూటలు విప్పారు, మంచినీళ్ళ కడవను పక్కకు జరపబోయి పగలగొట్టారు. ఆ కరువు ఏడాది ఒక కడవ నీళ్ళు నేలపాలయితే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. వానలు పడ్డాక పుల్లన్న వాకిలి లోపలి మూలలో సిమెంటు గద్దె కట్టి, కొత్త కడవ తెచ్చి దాని మీద పెట్టాడు. ఇప్పుడు ఊరంతా ప్లాంటు నీళ్ళ క్యాన్లు తెచ్చుకుంటున్నా ఆ ఇంట్లో మాత్రం ఇంకా కడవే. "మా ఇంట్లో యాడన్నా ఉంటే వచ్చి ఎత్తుకోని పోండి" అని సువార్త ఆ నాటి నుంచి ఎవరితో మాట వచ్చినా అంటూనే ఉంది. ఆ మాట అనని పండగ లేదు, పెళ్ళి లేదు.

అలాంటి సువార్తకు ఆ పెట్టె ఆనవాలు సంఘ పెద్ద ఇంటి బల్ల మీద దొరికింది.

తుమ్మ చెక్కకూ ఇనుముకూ పొత్తు కుదరదు. పొడిగా ఉన్నంతసేపు ఊరుకుంటాయి. మధ్యలో నీళ్ళు చేరాయంటే చాలు, చెక్క సిరా పోసినట్టు నల్లబడుతుంది. ఆ నలుపు పైపైన ఉండదు, లోపలికి దిగుతుంది. అంటే ఆ పెట్టె ఆ బల్ల మీద ఏదో ఒక రాత్రి పెట్టి తీసేసింది కాదు. చాలా రోజులు తడుస్తూ ఉంది. ఆ తర్వాత ఎవరో మచ్చ కనబడకుండా పచ్చ రంగు కొట్టారు. సువార్త బుర్రలో ఈ లెక్క కూడా సులువుగానే తేలిపోయింది. ఇమ్మానుయేల్ మాస్టారు.

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం వెనకే సంతోషం కూడా వచ్చింది, ఇంతకాలానికి చేతికి రుజువు చిక్కిందని. తండ్రితో చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. మచ్చను గీకలేదు, దాని మీద లప్పం పెట్టలేదు. చుట్టూ ఉన్న పగుళ్ళు పూడ్చి, ఉప్పు కాగితంతో బల్లంతా రుద్దింది. ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆ తర్వాత అరచేత్తో తడిమితే పిండిలా తగిలేదాకా ఇంకా సన్నది. లక్క పెచ్చులు స్పిరిట్‌లో నానేసి పెట్టుకుంది. పాలిష్ సంగతి ఆమెకు తెలుసు. మెరుపు ఎంత వస్తే నలుపు అంత తేలుతుంది. ఆదివారం సంఘమంతా చూసే బల్ల మీద ఆ ఆరు పలకల గుర్తు కాటుక పెట్టినట్టు కనబడాలి. పుల్లన్నను మళ్ళీ ఆ బల్ల దగ్గరికి పిలవక తప్పని పరిస్థితి రావాలి. ఆమె పట్టుదల అంతా అదే.

పాలిష్ వేసే రోజు పొద్దున్నే పని మొదలుపెట్టింది. ఆషాఢం గాలి లేచిందంటే దుమ్ము వచ్చి పాలిష్ మీద కూర్చుంటుంది. గాలి లేవకముందే రెండు చేతుల పూత వేసుకోవాలి. ఊరంతా వానకోసం ఆకాశం కేసి చూస్తుంటే, సువార్త మాత్రం ఆదివారం దాటేదాకా మబ్బు పట్టకుండా ఉంటే చాలుననుకుంటోంది. చెమ్మ తగిలితే పాలిష్ పాలవిరుగుడులా తెల్లబడిపోతుంది. ఈ మాట బయట అంటే రైతులు కొడతారు.

దూదిని పాత తెల్లపంచె గుడ్డలో ముద్దలా చుట్టి, లక్కలో ముంచి, వేలితో ఒక చుక్క కొబ్బరి నూనె అద్ది, బల్ల మీద చుట్లు చుట్లుగా తిప్పుతోంది. ఈ పనిలో ఒకటే నియమం. చెయ్యి ఆగకూడదు. ఆగిందంటే గుడ్డ అక్కడే పట్టుకుంటుంది, నేత పోగులతో సహా ముద్ర పడుతుంది.

ఇంటి లోపల గడప పక్కన కూర్చుని పుల్లన్న విత్తనానికి చెనక్కాయలు వలుస్తున్నాడు. టప్, టప్ మని చప్పుడు వినబడుతోంది.

వాకిట్లో ఆటో ఆగింది. కృపాకుమారి దిగి, చేతికర్ర పోటు వేసుకుంటూ పక్క సందులోంచి పెరట్లోకి వచ్చింది. తెల్ల చీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. "ఎంతవరకు వచ్చిందమ్మా పని?" అంటూనే బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

సువార్త తల ఎత్తలేదు. చెయ్యి తిరుగుతూనే ఉంది.

"మచ్చ పోలేదే?" అంది కృపాకుమారి.

"పోదుమ్మా. తుమ్మ చెక్క. లోపలికి దిగినాది."

"ఉప్పు కాయితంతో రుద్దకపోయినావా?"

"రుద్దితే గుంత పడుతుంది."

"నిమ్మకాయో, యాసిడ్డో... మీ పనిలో ఏదో ఒగటి ఉంటాది గదా?"

"ఉండాది. నేను పెట్టను."

కృపాకుమారి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. వాటి మీద మచ్చ ఏమీ లేదు.

"పోనీలే. మీద ఎట్లా తెల్లగుడ్డ పరుస్తారు."

"గుడ్డ పరిచేది అయ్యగారు ప్రార్థన చేసినంక. ముందర సంఘమంతా వచ్చి చెయ్యి పెట్టి చూస్తారు. ఆ నట్టును ఎరిగినోళ్ళు ఇంకా శానామంది బతికే ఉండారు" అంది సువార్త. "గుడ్డతో కప్పేటట్లుంటే పాలిష్ యాలమ్మా? పచ్చ రంగే బాగుండె గదా."

మాట గట్టిగానే తగిలింది. కృపాకుమారి పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చుంది. దానికీ పాలిష్ పట్టాల్సి ఉంది, ఒక కాలు కాస్త ఊగుతుంది. ఆమె పట్టించుకోలేదు.

"రంగు కొట్టించింది నేనే" అంది.

"తెలుసు. పెట్టె ఎట్లొచ్చిందో అది చెప్పు. మా నాయన నెత్తిన దొంగతనం పెట్టి, పెట్టెనేమో మీ ఇంట్లో పెట్టుకున్నారే, ఎట్లొచ్చిందమ్మా?"

"నీళ్ళ కడవ కింద పెట్టినా. గోనెపట్ట కప్పి, దాని మీద కడవ పెట్టినా. వేసవి కాలంలో కడవ కింద ఏముండాదని ఎవరు చూస్తారు? నీళ్ళు కారి కారి ఇట్లయితుందని నాకేం తెలుసు?"

ఇంత తిన్నగా ఒప్పుకుంటుందని సువార్త అనుకోలేదు. పోట్లాటకు సిద్ధమై ఉన్న మనిషికి అవతలివాళ్ళు ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో తోచదు. అయినా చెయ్యి ఆపలేదు.

"అంటే మాస్టారు ఎత్తుకోని వచ్చినాడు. నువ్వు దాచినావు."

"ఆయన కాదు. ఆయనకు తెలీదు. చచ్చిపోయేదాకా తెలీదు."

"మరి ఎవరు తెచ్చినారు?"

కృపాకుమారి కళ్ళద్దాలు పెట్టుకుని సువార్త ముఖంలోకి చూసింది.

"మీ నాయన."

చెయ్యి ఆగింది.

ఆగిన విషయం కూడా సువార్తకు తెలియలేదు. కాసేపటికి ముద్దను లాగితే రాలేదు, గట్టిగా లాగితే చిరిగినట్టు వచ్చింది. గుడ్డ పోగులు పోగులుగా అచ్చు పడి, మెరుపు మధ్యలో గరుకు మచ్చ ఇంకొకటి తయారయింది.

"అబద్ధం" అంది.

"నెత్తిన గడ్డి మోపు పెట్టుకోని, మోపులో పెట్టె పెట్టుకోని వచ్చినాడు. మధ్యాన్నం పూట. మాస్టారు బడికి పోయుండె" అంది కృపాకుమారి. ఆమె గొంతు మామూలుగానే ఉంది. చాలాకాలం లోపల చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటలు అలాగే వస్తాయి. "ఆ యేడు బోర్లన్నీ ఎండిపోయినాయి. వెండి సామాను అమ్మి చర్చిలో బోరు వేయించల్లని మాస్టారు, ఇంకా నలుగురు తీర్మానం చేసినారు. అప్పుడున్న అయ్యగారు బదిలీ మీద పోయినాడు, కొత్తాయన రాలేదు. మీ నాయన నా కాడికి వచ్చి, 'కొత్త అయ్యగారు వచ్చేదాకా దాచుపెట్టమ్మా, ఆయన వస్తే అమ్మనియ్యడు' అన్నాడు. మా అమ్మ చావుబతుకుల్లో ఉంటే ఆ గిన్నె మంచం కాడికి తెచ్చి తాపించినారు. నాకూ అది అమ్మేది ఇష్టం లేకపోయె. సరే పెట్టుపొమ్మన్నా."

"అట్లయితే నాయనను నిలబెట్టినప్పుడు చెప్పకపోయినావా?"

"ముందురోజు మా ఇంటికి వచ్చినాడు. వాకిట్లోనే నిలబడి, 'నువ్వు చెప్పమంటే చెప్తానమ్మా, లేకపోతే నీ పేరు ఎత్తను' అన్నాడు." కృపాకుమారి చేతికర్రను ఒళ్ళోకి తీసుకుంది. "నేను చెప్పమనలేదు."

"ఏమన్నావు మరి?"

"ఏమీ అనలేదు. తలుపు వేసుకున్నా."

సువార్తకు ఏడుపు వచ్చింది. కోపానికి వచ్చిన ఏడుపు. చేతులకు లక్క ఉంది కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. మోచేత్తో తుడుచుకుంది.

"ఆ పొద్దు నువ్వు ముందు వరసలో కూర్చుంటివి."

"కూర్చుంటి."

"మా యమ్మ కదిరమ్మ ఏడ్సుకుంటా బయటికి పోతాంటే చూస్తాంటివి. ఆ మీదట ఆయమ్మ చర్చి గడప తొక్కలేదు. చచ్చినంకనే శవప్పెట్టెలో పెట్టుకోని తీసకపోయినాము. చూస్తాంటివి గదా?"

"చూస్తాంటి. మాస్టారికి తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనియ్యడని భయం. భయం పోయేసరికి ఆయన పోయినాడు."

సువార్తకు ఆమెను కొట్టాలనిపించింది. ముసలామె, ఊగే స్టూలు మీద కూర్చుని ఉంది. కొట్టలేదు. లక్క సీసాకు మూత బిగించింది, బిగించిన మూతనే మళ్ళీ బిగించింది.

"సరే. జరిగిందేదో జరిగె. ఆదివారం సంఘం ముందర లేచి ఈ మాటలే చెప్పు. మా నాయనను బల్లకు రానీ. నాకు ఇంకేమీ వద్దు. పాలిష్ ఊరికే చేసిస్తా."

"చెప్తా" అంది కృపాకుమారి. "చెప్పకూడదనే వచ్చినా ఈడికి, మచ్చ తీయించుకోని పోదామని. ఇప్పుడు చెప్తా. కానీ చెప్తే ఒగటే అడుగుతారు సువార్తా. పెట్టె యాడుండాది అని."

"చూపించు."

"నా కాడ ఉంటే గదా? వేసవి అంతా ఉండె. వానలు పడినంక మీ నాయన వచ్చి ఎత్తుకోని పోయినాడు. మళ్ళా గడ్డి మోపులోనే. యాడ పెట్టినాడో నేను అడగలేదు, ఆయప్ప చెప్పలేదు."

సువార్త ఏదో అనబోయింది. అప్పుడు తెలిసింది, లోపల కాయలు వలిచే చప్పుడు వినబడటం లేదని. ఎప్పుడు ఆగిందో తెలియదు.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. వీధి తలుపు తెరిచే ఉంది. గడప పక్కన పుల్లన్న ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పిడికిట్లో నాలుగు కాయలు అలాగే ఉన్నాయి.

"బాగుండావా కృపమ్మా" అన్నాడు, ఆమె చుట్టపు చూపుగా వచ్చినట్టు.

"నాయనా" అంది సువార్త. "ఈయమ్మ చెప్పేది నిజమేనా?"

"నిజమే."

ఆ ఒక్క మాటతో ఆమె ఇరవై ఏళ్ళు చేసిన వాదన అంతా కూలిపోయింది. పెట్టె తీసింది నాయనే. కారణం ఏదైనా కావచ్చు, తాళాలు తీసిన చెయ్యి ఆయనదే. పెళ్ళిళ్ళలో, పండగల్లో, నీళ్ళ ట్యాంకర్ దగ్గర తాను ఎవరెవరితో పోట్లాడిందో వాళ్ళ ముఖాలన్నీ ఒకటొకటిగా కళ్ళ ముందు నిలబడ్డాయి. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది.

"కొత్త అయ్యగారు వచ్చినాడు గదా. అప్పుడన్నా ఇచ్చేయకపోయినావా?"

"ఇస్తే అడుగుతాడు గదమ్మా, ఇన్నాళ్ళు యాడుండె అని. చెప్పనని మాటిచ్చినా" అన్నాడు పుల్లన్న. "ఆయమ్మ ఎప్పుడన్నా వచ్చి చెప్పమంటుందేమోనని చూస్తాంటి. శానా పొద్దు చూసినా."

కృపాకుమారి గోడకు ఆనుకుంది. ఇరవై ఏళ్ళ కిందట వేసుకున్న తలుపు ముందు ఆయన ఇంకా నిలబడే ఉన్నాడని ఆమెకు ఇప్పుడే తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పమంటాండాను పుల్లన్నా" అంది చివరికి.

పుల్లన్న చాట దించి పక్కన పెట్టాడు. పిడికిట్లోని కాయలు దాంట్లో వేశాడు. గోడ పట్టుకుని మెల్లగా లేచాడు.

"పెట్టె యాడ నాయనా?" అంది సువార్త.

ఆయన వాకిలి మూల కేసి చూశాడు. సిమెంటు గద్దె, దాని మీద కడవ, కడవ మీద మూత, మూత మీద చెంబు. పొద్దున లేచి సువార్త మొదట తుడిచేది ఆ గద్దెనే. నీళ్ళ క్యాను తెప్పిస్తానన్నప్పుడల్లా నాయన ఎందుకు అంత ఎగిరిపడేవాడో, గద్దె పగిలితే ఇంకొకరిని ముట్టుకోనివ్వకుండా తానే సిమెంటు కలుపుకుని ఎందుకు మెత్తేవాడో ఆమెకు అర్థమయింది. "మా ఇంట్లో యాడన్నా ఉంటే వచ్చి ఎత్తుకోని పోండి" అని ఆ గద్దె పక్కన నిలబడి ఎన్నిసార్లు అరిచిందో.

వీధిలో ఎవరో మాట్లాడుకుంటూ పోతున్నారు. కృపాకుమారి ఉలిక్కిపడింది.

"తలుపు వేయి సువార్తా" అంది గబగబా.

సువార్త కదిలింది.

"వద్దు" అన్నాడు పుల్లన్న. "తెరిచే ఉండనీ. ఎవరొచ్చి చూస్తారో చూడనీ." ఆయన వంగి, గోడ వారన ఉన్న గడ్డపార అందుకున్నాడు. "ముందు నువ్వు ఆ కడవ దించు."